రెండేళ్ళు ఆగని ఆట

మా వాడికి పన్నెండేళ్ళప్పుడు మేం సింగపూర్ నుంచి ఐర్లండ్‌లోని కిల్కెన్నీ వచ్చాం. మేం అంటే నేనూ, వాడూ. అక్కడ నేను ఆసుపత్రిలో నర్సుగా, మా ఆయన షిప్‌యార్డులో సూపర్‌వైజరుగా చాలా ఏళ్ళు పనిచేశాం. ఇక్కడి ఆసుపత్రిలో నాకు ఉద్యోగం వచ్చింది కానీ ఆయన పనికి తగ్గది ఈ చుట్టుపక్కల దొరకలేదు. ఆయన అక్కడే ఉండిపోయి, ఏడాదికోసారి వచ్చి వెళ్ళేవారు. మా ముగ్గురికీ సింగపూర్ శాశ్వత నివాస హక్కు ఉండేది. ఆయన అక్కడ ఉన్నంతకాలం రాకపోకలు తప్పవు కదా అని దాన్ని అలాగే ఉంచుకున్నాం.

ఇక్కడి పిల్లలు నడక నేర్చిన మర్నాడే హర్లింగ్ అనే కర్రా బంతీ ఆటకి కర్ర పట్టుకుంటారు. పన్నెండేళ్ళకి వచ్చినవాడికి ఆ ఆటలో చోటెక్కడిది? మా వాడికి స్నేహితులు కంప్యూటర్‌లో దొరికారు. స్కూలు నుంచి వచ్చి అన్నం తిని హెడ్‌సెట్ తగిలించుకునేవాడు. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు, తుపాకులతో ఆడే ఆట. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గదిలోంచి వాడి గొంతు వినపడేది. నాతో రెండు ముక్కలకి మించి మాట్లాడనివాడు లోపల గడగడా చెప్పేస్తుండేవాడు. ఎడమకి రా, ఆగు, ఇప్పుడు కాదు, ఆ, ఇప్పుడు. వాడు చెప్పడం, మిగతా నలుగురూ చేయడం. ఆ టీమ్‌లో వాడి పని అదేనని నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

తెలిసింది డబ్లిన్‌లో. ఒక పెద్ద హాల్లో పోటీ పెడితే వాడిని తీసుకుని వెళ్ళాను. నా పక్క కుర్చీలో ఇంకో కుర్రాడి తండ్రి కూర్చున్నాడు. పాల ట్యాంకర్ నడుపుతాడట. తెరమీద ఏం జరుగుతుందో నాకు అంతుపట్టడం లేదని గ్రహించి, ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. చివర్లో మా వాడివైపు చూపించి, "మీ వాడే వాళ్ళకి మెదడు. మా వాడు వట్టి చేతులు" అని నవ్వాడు. ఆ మాటకి నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. ఇంటికొచ్చే దారిలో వాడు బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నేను మాత్రం నవ్వుకుంటూ కూర్చున్నాను.

స్కూలు చివర్లో రాసే లీవింగ్ సర్ట్ పరీక్షలు అయ్యాక ఆ టీమ్ వాడిని జీతానికి తీసుకుంది. కోచ్ గోల్వే మనిషి. మర్యాదగా ముందు నాతో మాట్లాడి, ఏడాదిలో యూరప్‌లోని పై లీగుకి వెళ్ళడమే తమ లక్ష్యమని చెప్పాడు. వాడిది ఆట కాదు, ఉద్యోగం అని అప్పటినుంచీ మా తెలుగు చర్చి సంఘంలో అందరికీ చెప్పుకున్నాను. పాస్టరు గారు కూడా ప్రార్థనలో వాడి పేరు చెప్పి, పోటీల కోసం ప్రార్థించేవారు.

ఆ శీతాకాలంలో సింగపూర్ సైన్యం నుంచి మెయిల్ వచ్చింది. తల్లిదండ్రుల వెంట శాశ్వత నివాస హక్కు పొందిన మగపిల్లలు పద్దెనిమిది దాటాక రెండేళ్ళు సైన్యంలో చేయాలి. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. కానీ తెలియడం వేరు, తేదీ వేసి రమ్మనడం వేరు.

వార్డులో నాతో పనిచేసే ఐరిష్ నర్సుకి ఎంత చెప్పినా అర్థం కాలేదు. "మీరు ఇండియన్లు. ఉండేది ఐర్లండ్‌లో. మధ్యలో సింగపూర్‌కేం హక్కు? రానని చెప్పమను. ఇట్'ల్ బీ గ్రాండ్, ఏం కాదు."

"వాళ్ళ నాన్న అక్కడున్నారు. వీడు వెళ్ళకపోతే ఇక ఆ దేశంలో అడుగుపెట్టడానికి లేదు. పెడితే కేసు. రేపు ఆయనకేదన్నా అయితే వీడు పోలేడు" అన్నాను.

ఆమె మందుల ట్రాలీని పక్క మంచం దాకా తోసుకెళ్ళింది. తర్వాత తన తమ్ముడి సంగతి చెప్పింది. వాడు కౌంటీ జట్టుకి హర్లింగ్ ఆడేవాడట, మోకాలు దెబ్బతిని ఒక్క సీజన్ బయట ఉన్నాడట. తిరిగి వెళ్ళేసరికి వాడి జెర్సీ ఇంకొకడి ఒంటిమీద ఉంది. "ఒక్క సీజనే" అంది మళ్ళీ.

వాయిదా కోసం వాడే రాసుకున్నాడు. ఇది నా వృత్తి, ఈ వయసు దాటితే ఇందులో నిలవలేను అని. చదువు పూర్తి చేసుకోవడానికైతే ఆలోచిస్తాం, దీనికి వీలుపడదని జవాబొచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం వీడియో కాల్లో కూర్చున్నాం.

"రెండేళ్ళేగా నాన్నా, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతయ్. మనిషి గట్టిపడతాడు" అన్నారు మా ఆయన.

"డాడీ, ఇన్ టూ ఇయర్స్ ఐ'ల్ బీ ఓల్డ్" అన్నాడు వాడు.

ఆయన నవ్వారు. పంతొమ్మిదేళ్ళవాడు ఇరవై ఒకటికి ముసలాడినవుతానంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. వాడు నవ్వలేదు.

"మరి పోనంటావా? చెప్పు. నీ ఇష్టమేరా. నేను ఇక్కడ పని మానేసి వచ్చేస్తా" అన్నారు ఆయన గొంతు తగ్గించి. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ యాభై రెండేళ్ళ మనిషి అంతా వదిలేసి వచ్చి ఇక్కడ ఏం చేస్తారు?

వాడు టేబుల్ మీది పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశాడు. "నో. ఐ'ల్ గో" అన్నాడు. లేచి వెళ్ళి గది తలుపు వేసుకున్నాడు. ఆ సాయంత్రం ప్రాక్టీసులో వాడి గొంతు ఎప్పటిలాగే వినిపించింది. ఆ గొంతులో తేడా కోసం చెవులు రిక్కించుకుని విన్నాను, ఏ తేడా లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కోచ్ నాకు ఫోన్ చేశాడు. "చోటు పట్టి ఉంచలేనండీ. అబద్ధం చెప్పి పంపించలేను. తిరిగొచ్చాక మాత్రం తప్పకుండా ఒక అవకాశమిస్తాను" అన్నాడు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు కూడా.

వాడు వెళ్ళిన కొన్ని నెలలకే ఆ టీమ్ పై లీగుకి వెళ్ళింది. మా వాడి స్థానంలో పోలండ్ కుర్రాడు ఆడాడు. ఆ ఆట నేను ఇంట్లో ఒక్కదాన్నే చూశాను. గెలిచాక ఐదుగురూ ఒకరినొకరు కావలించుకున్నారు. పాల ట్యాంకరాయన కొడుకు కెమెరావైపు తిరిగి, ఆటలో మా వాడు పెట్టుకున్న పేరు చేత్తో గాల్లో రాసి చూపించాడు. మంచి పిల్లాడు. నేను టీవీ కట్టేసి బియ్యం కడగడానికి వెళ్ళాను.

వారాంతాల్లో సెలవిచ్చినప్పుడు వాడు వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఫోన్ చేసేవాడు. ముఖం నల్లబడింది, మెడ గట్టిపడింది. ఆ గెలుపు చూశావా అని అడిగితే, చూశానన్నాడు. బ్యారక్‌లో ఫోన్‌లో చూశాడట.

"నిజం తుపాకీ ఎట్టా ఉంటది రా?" అని ఒకసారి అడిగాను.

"హెవీ, మమ్మీ. క్లీనింగే ఎక్కువ."

రెండేళ్ళూ గడిచాయి. మా ఆయన అన్నట్టు నిజంగానే గట్టిపడి వచ్చాడు. చీకటితోనే లేచేవాడు. దుప్పటి మడతలు కొలిచినట్టుండేవి. ఏదన్నా చేస్తావా అంటే సింగపూర్ వాళ్ళలా "కెన్" అనేవాడు, లేకపోతే "కెనాట్". వంటింటి ప్రెస్‌లో, అదే అలమరాలో, కప్పులన్నీ పిడులు ఒకే వైపుకి తిప్పి పెట్టాడు. మా సంఘంలో ఆడవాళ్ళు, పిల్లాడు ఎంత బుద్ధిమంతుడయ్యాడో అని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇంట్లో పరాయి మనిషి తిరుగుతున్నట్టుండేది.

కోచ్ కొన్ని వారాలు పరీక్షించి చూశాడు. అప్పటికి ఆటే చాలా మారిపోయిందట. కొత్త పటాలు, కొత్త ఆయుధాలు. ఎదుటివాళ్ళలో పదహారేళ్ళ పిల్లలున్నారు. మా వాడు పొద్దస్తమానం కూర్చుని అన్నీ నేర్చుకున్నాడు. తలుపు బయట నిలబడితే పూర్వంలా మాటలు వినిపించేవి కావు. పొడి పొడిగా రెండు మాటలు, తర్వాత నిశ్శబ్దం.

ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. తీసుకోవడం లేదని చెప్పారన్నాడు. నేను చపాతీల పిండి వదిలేసి చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"చేతులు నెమ్మదించాయా నాన్నా?"

"నో. ద హ్యాండ్స్ ఆర్ గ్రాండ్. అందరికంటే ముందు నాకే కనిపిస్తది, మమ్మీ. ఏం చెయ్యాలో తెలుస్తది. బట్ ఐ వెయిట్."

"దేనికోసం?"

బల్ల మీద రాలిన పిండిని వేలితో పక్కకి నెట్టాడు. "ఎవరో చెప్తారని. ఫర్ సమ్‌వన్ టు సే గో."

వాడు ఏడవలేదు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. అరచేతిలో కాయలింకా పోలేదు.

తర్వాత కొన్నాళ్ళు నేను మా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన తప్పేం ఉందని? చట్టం ఆయన రాయలేదు. పంపింది ఆయనా కాదు. అయినా ఎవరో ఒకరిమీద కోపం చూపించకుండా ఉండలేకపోయాను. ఆయన అర్థం చేసుకున్నారో ఏమో, రోజూ ఫోన్ చేసి, "తిన్నారా?" అని మాత్రం అడిగి పెట్టేసేవారు.

ఇప్పుడు వాడు కార్క్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్నాడు. డ్యూటీ లేనప్పుడు చిన్న లీగులో ఒక టీమ్‌కి ఆడతాడు. జీతం లేదు, గెలిస్తే బహుమతి ఏదో పంచుకుంటారు. సైన్యం వాళ్ళ జాబితాలో పేరు ఇంకా ఉంది, నలభై దాకా ఉంటుందట. పిలుస్తారేమోనని నాకు భయం.

మొన్న మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరం కార్క్ వెళ్ళాం. వాడు ఆడుతుంటే ఆయన మొదటిసారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆట అయ్యేదాకా కదలకుండా చూశారు. హెడ్‌సెట్‌లోంచి ఒకమ్మాయి గొంతు వినిపిస్తూనే ఉంది. ఆమె చెబుతోంది, మా వాడు చేస్తున్నాడు. తడబాటు లేకుండా, చెప్పిన మరుక్షణం. గెలిచారు.

"ఎవరురా ఆ అమ్మాయి?" అన్నారు ఆయన.

"మా లీడర్. పోర్చుగల్."

"అది నీ పని కదరా ముందు? మీ అమ్మ చెప్పేది."

వాడు హెడ్‌సెట్ తీసి తీగ చుట్టబెట్టాడు. "షీ ఈజ్ బెటర్, డాడీ."

మా ఆయన నావైపు చూశారు. వాడు చెప్పింది నిజమో, మా కోసం అన్నాడో నాకు తెలియలేదు. అన్నం చల్లారిపోతుంది, తిందాం రమ్మన్నాను. వాడు వెంటనే లేచి వచ్చాడు.