అరచేతికి దొరికిన గీత

జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్ కింద రెండంతస్తుల పార్కింగ్ ఉంది. మొన్న శనివారం ఉదయం కూరగాయల సంచులు దించుకుంటుంటే వెనక ఎక్కడో ఒక కారు తలుపు మూసుకుంది. పెద్ద చప్పుడేమీ కాదు. లావుపాటి పుస్తకాన్ని చదవడం ముగించి రెండు చేతులతో మూస్తే వచ్చే చప్పుడులాంటిది. అది ఏ కారో వెనక్కి తిరగకుండానే నాకు తెలిసిపోయింది. నిజానికి నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. నా కారుకి ఆయిల్ మార్చాల్సిన రోజు కూడా అక్క ఫోన్ చేసి గుర్తుచేస్తే తప్ప గుర్తుండదు. ఆ ఒక్క చప్పుడు మాత్రం ప్రభాకరం అంకుల్ నేర్పారు.

రెండువేల పదో సంవత్సరం చలికాలం. చదువు పూర్తయింది, ఉద్యోగం దొరకలేదు. ఇల్లినాయ్‌లో, అరోరాలో అక్కావాళ్ళింట్లో ఉంటున్నాను. ఫోన్ ఇంటర్వ్యూల్లో నేను మాట కూడగట్టుకునేలోపే అవతలివాళ్ళు థాంక్యూ చెప్పి పెట్టేసేవారు. లైబ్రరీ పుస్తకాలు చదువుకోవడం, డైరీ రాసుకోవడం, అంతే నా రోజు. చూసి చూసి అక్క ఒక మధ్యాహ్నం, "పక్కింటి అంకుల్‌కి మెయిల్స్ అవీ చదివిపెట్టడానికి ఎవరైనా కావాలట. వెళ్ళవే బాబూ. ఇలాగే కూర్చుంటే నీ గొంతు ఎలా ఉంటుందో మేం కూడా మర్చిపోతాం" అని నన్ను దాదాపు తోసినంత పని చేసింది.

ప్రభాకరం అంకుల్‌ది కాకినాడ. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇక్కడే వంతెనల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. కంటి వెనక పొర దెబ్బతినడంతో ఆయనకి ఎదురుగా ఉన్నది మాయమై, చుట్టుపక్కలది మాత్రం మసకగా కనిపించేది. నా మొహం చూడాలంటే నా చెవి వైపు చూసేవారు. ఆ సంగతి డాక్టరుకీ, ఆయన భార్య కామేశ్వరి ఆంటీకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజునుంచి నాకూ తెలిసింది.

ఆయన మొదట నన్ను తీసుకెళ్ళింది పుస్తకాల గదికి కాదు, గరాజ్‌కి. అక్కడ ముదురాకుపచ్చ రంగులో, పొడుగాటి ముక్కుతో రెండు తలుపుల కారు ఒకటి ఉంది. పందేలకి కాదు, రెండు మూడు రాష్ట్రాలు ఒక్క ఊపున దాటినా ఒళ్ళు అలవకుండా ఉండేందుకు పుట్టిన కారట. అలాంటివాటిని గ్రాండ్ టూరర్లు అంటారని ఆయనే చెప్పారు.

"ఎలా ఉందమ్మా?"

"బాగుందండీ."

"బాగుంది, బాగోలేదు, ఈ రెండు మాటలూ నా గరాజ్‌లో నిషేధం. చేతులు వెనక్కి కట్టుకో. నోరు మూసుకుని చుట్టూ ఒక్క రౌండ్ వేసి రా. ఎలా ఉందో తర్వాత. ఏముందో ముందు చెప్పు."

వంటింటి గుమ్మంలోంచి ఆంటీ అందుకున్నారు. "గుళ్ళో నవగ్రహాల చుట్టూ తిరగమంటే మోకాళ్ళంటారు. దీనికైతే రోజుకి పది ప్రదక్షిణలు!"

నేను తిరిగి వచ్చి పదకొండు సంగతులు చెప్పాను. డిక్కీ మూత అంచున గోరంత పెయింటు లేచిపోయిందన్నది పదకొండోది. ఆయన వెంటనే వంగి, దాన్ని వేలితో వెతికి పట్టుకున్నారు. "ఇది నాకు తెలీదే!" అన్న ఆ గొంతులో బాధ లేదు, సంబరమే ఉంది. ఇంట్లోనూ కాలేజీలోనూ ఎప్పుడూ చాలా తక్కువ మాట్లాడుతుందని పేరుపడ్డ నేను, ఒక మనిషి ముందు వరసగా పదకొండు మాటలు చెప్పానని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను.

ఆ కారున్నవాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళలో ఒక క్లబ్బుంది. కొత్త కారు ఏది వచ్చినా ముందు మౌనంగా ఒక చుట్టు తిరగాలి, ఆ తర్వాతే మాట్లాడాలన్న నియమం అక్కడ పెట్టింది అంకులే. వాళ్ళకి ఇంటర్నెట్‌లో ఒక ఫోరమ్ కూడా ఉండేది. అందులో ఆయన పేరు మిస్టర్ పి. దేని మీద తగువొచ్చినా చివరికి ఎవరో ఒకరు "మిస్టర్ పి ఏమంటారో?" అని అడిగేవారు. ఆయన చెబుతుంటే టైప్ చేయడం నా పని. డ్రైవింగ్ మానేశానని చెప్పకుండా, మీటింగులకి రాకపోవడానికి మోకాలు నొప్పి అని నాతోనే రాయించారు. ఆంటీ ఒకసారి నాతో విడిగా, "ఈ దేశంలో ఆయనకంటూ ఉన్న స్నేహితులు వాళ్ళేనమ్మా. తెలిస్తే జాలిపడతారనీ, ఇక మాట అడగరనీ ఆయన భయం" అన్నారు.

ఏప్రిల్‌లో ఆ కారు కొత్త రూపం ఫోటోలు బయటికొచ్చాయి. నేను వెళ్ళేసరికి అంకుల్ డైనింగ్ టేబుల్ దగ్గర పరీక్ష రిజల్ట్స్ కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. పక్కనే ఆంటీ చపాతీ పిండి కలుపుతున్నారు. ముందు జనం ఏమంటున్నారో చదవమన్నారు అంకుల్. ఫోరమ్ తగలబడిపోతోంది. నేను తెలుగు చేసి చదివాను. ముందు భాగం నీళ్ళలోంచి తీసిన చేపలా నోరు తెరుచుకుందని ఒకాయన. ఇరవై ఏళ్ళ ప్రేమకి ఈరోజుతో విడాకులని ఇంకొకాయన. డాష్‌బోర్డులో ముళ్ళ గడియారం పీకేసి టీవీ పెట్టినవాడి ఇంట్లో కరెంటు పోవాలని మరొకాయన.

"శాపనార్థాల్లో మా మేనత్తని మించిపోయారే!" అని ఆంటీ పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుని నవ్వారు.

అంకుల్ కూడా నవ్వారు. తర్వాత నా చెవి వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు చెప్పు. ఏముంది?" అన్నారు.

గంటసేపు చెప్పాను. దీపాలు సన్నబడ్డాయని, నోరు పెద్దదయిందని, వెనక అద్దం వాలు పెరిగిందని చెప్పాను. పక్కభాగం దగ్గర మాటలు చాల్లేదు. పాత కారు పక్కలు నున్నగా, గుండ్రంగా ఉండేవి. కొత్తదానికి ముందు చక్రం పైన మొదలై, తలుపు మీదుగా కొంచెం కిందికి జారి, వెనక చక్రం దగ్గర మళ్ళీ లేచే సన్నని మడత ఒకటి కనిపించింది. ఎంత చెప్పినా ఆయనకి అందడం లేదు. చివరికి ఆంటీ ముందున్న పిండి ముద్ద లాక్కుని, పొడుగ్గా సాగదీసి, దాని పక్కన రెండు వేళ్ళతో ఆ మడత నొక్కి ఆయన చేతికిచ్చాను.

"దాన్ని నేను మళ్ళీ చపాతీ చెయ్యను" అన్నారు ఆంటీ.

అంకుల్ ఆ పిండి కారు మీద బొటనవేలు మెల్లగా నడిపించారు. "ఎంత లోతుంటుంది?"

"ఫోటోలో తెలీడం లేదు అంకుల్."

"గుడ్. తెలీనిది తెలీదన్నావు." ముద్దని బల్ల మీద పెట్టి, "టైప్ చెయ్యి" అన్నారు. మొహం సంగతి ఎదురుగా చూశాకే మాట్లాడదాం, కానీ ఆ పక్క గీత మీద మనసు పెట్టండి, దూరాలు వెళ్ళే కారుకి నిలబడి ఉన్నప్పుడు కూడా కదలిక కనిపించాలి, అది ఇందులో ఉంది, నాకు నచ్చింది. ఇంతే ఆయన రాయించింది.

మర్నాడు జవాబులు చదువుతూ ఒకచోట నా నాలుక ఆగిపోయింది. వాల్ట్ అనే ఆయన రాసిన నాలుగు వాక్యాలు. "మిస్టర్ పి, అది గీత కాదు. స్టూడియో లైటు పడి మెరిసింది, అంతే. కళ్ళున్నవాళ్ళెవరికైనా తెలుస్తుంది. అద్దాలు మార్పించుకోండి, మిత్రమా." కింద పదిమంది పగలబడి నవ్విన గుర్తులు పెట్టారు. నేను ఆ జవాబు వదిలేసి తర్వాతది చదివాను.

ఇంటికొచ్చి ఫోటోలన్నీ మళ్ళీ చూశాను. ఒకదాంట్లో మడత ఉంది. ఇంకోదాంట్లో అదే చోట నున్నగా ఉంది. నేను చూసింది వెలుతురునేనా? లేని గీతని పిండిలో నొక్కి ఇచ్చానా? అదే నిజమైతే ఆయన అంతమంది ముందు లేనిదాన్ని మెచ్చుకున్నట్టు. ఇన్ని నెలలుగా దాచుకున్న సంగతి నావల్ల బయటపడినట్టు. ఆ తర్వాత మూడు వారాలు నేను ఆయనకి మంచి జవాబులే ఏరి చదివాను. డైరీలో రోజూ ఒకే ప్రశ్న రాశాను.

మే నెలలో కారు నేపర్‌విల్‌లోని షోరూమ్‌కి వచ్చింది. శనివారం ఉదయం క్లబ్బువాళ్ళంతా అక్కడ కలుస్తున్నారు. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నారు. అక్క వ్యాన్‌లో నేనే తీసుకెళ్ళాను. పార్కింగ్‌లో ఇంజన్ ఆపాను కానీ తలుపు తీయలేదు.

"అంకుల్, నేను మీకొకటి చదవలేదు."

చెప్పాను. ఆయన సీటు బెల్టు తీయబోతూ ఆగారు.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు."

"రాసింది వాల్టేనా?"

"అవును."

"అదీ! వాడు నన్ను వెక్కిరించకుండా ఎలా ఊరుకున్నాడా అని అనుకుంటూనే ఉన్నా." నవ్వారు కానీ వెంటనే నవ్వు ఆపేశారు. "చూడమ్మా, నువ్వు తప్పు చూస్తే ఫరవాలేదు. సర్దుకుంటాం. చూసింది నాకు దాచావనుకో, నాకిక దారేది?"

నేను ఏడుస్తున్నానని ఆయనకి ఎలా తెలిసిందో తెలియదు. చేతిరుమాలు ఇచ్చారు.

"ఇంటికెళ్ళిపోదామా అంకుల్?"

"కారు చూడకుండానా? పద పద."

లోపల పదిహేనుమంది దాకా కాఫీ కప్పులతో నిలబడి ఉన్నారు. మధ్యలో కారు. తెల్లరంగు. పైన వరసగా ట్యూబ్‌లైట్లు. పక్కభాగం పాలగిన్నెలా నున్నగా ఉంది. ఎక్కడా ఏ గీతా లేదు. అంకుల్ నా మోచెయ్యి పట్టుకున్నారు. ఇద్దరం నియమం ప్రకారం మౌనంగా ఒక చుట్టు తిరిగాం. ఎర్రటి మొహం, తెల్లమీసాలు ఉన్న ఒక పెద్దాయన మమ్మల్నే చూస్తున్నాడు. వాల్ట్ అతనేనని ఎవరూ చెప్పక్కర్లేదు.

చుట్టు పూర్తయ్యాక అంకుల్ వంగి, "ఏముంది?" అని తెలుగులో అడిగారు.

పార్కింగ్‌లో ఆయనన్న మాట చెవిలోనే ఉంది. "తెల్లరంగు, పైన తెల్ల లైట్లు. నాకు గీత కనబడ్డం లేదు అంకుల్."

"మంచిది" అన్నారు. కారుని ముట్టుకోవచ్చా అని అక్కడున్న సేల్స్ అమ్మాయిని అడిగారు. ముందు చక్రం పైన అరచెయ్యి ఆనించి, మెల్లగా వెనక్కి నడిచారు. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి తనంతట తానే కొంచెం కిందికి జారింది. వెనక చక్రం దగ్గర మళ్ళీ పైకి లేచింది. నేను పిండిలో నొక్కిన దారి అదే. ఆయన మొహంలో సంబరం చూశాను. డిక్కీ మూత మీద పోయిన పెయింటు దొరికిననాటి సంబరం.

"వాల్ట్, ఇలా రా. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టు" అన్నారు ఇంగ్లీషులో.

వాల్ట్ గొణుక్కుంటూ వచ్చి చెయ్యి పెట్టాడు. రెండడుగులు నడిచాడు. ఆగాడు. మళ్ళీ మొదటికెళ్ళి ఇంకోసారి నడిచాడు. "ఓరి దేవుడా, ఉంది" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. వాల్ట్ కళ్ళు తెరిచి, "ఈ తెలుపులో ఎవరికీ కనబడదు. ఆ ఫోటోలో నువ్వెలా చూశావు?" అని అడిగాడు.

అంకుల్ మళ్ళీ నా మోచెయ్యి అందుకున్నారు. ఆ క్షణం నాకింకా గుర్తుంది. కాఫీ మిషన్ బుసకొట్టడం, నా మోచెయ్యి మీద ఆయన వేళ్ళు బిగుసుకోవడం.

"నేను చూడలేదు వాల్ట్. నా చూపు పోయింది. చూసింది ఈ అమ్మాయి."

ఎవరూ జాలిగా ఏమీ అనలేదు. వాల్ట్ మొహం ఇంకా ఎర్రబడింది. "అద్దాలు మార్పించుకోమన్నాను కదూ" అన్నాడు నేల చూస్తూ.

"అన్నావట. ఇప్పుడే, ఈ పార్కింగ్‌లోనే తెలిసింది."

"మోకాలు నొప్పి అన్నావు!"

"అదీ ఉంది."

వాల్ట్ ముందు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే వాల్ట్ కోపంగా అన్నాడు. "నాలుగు నెలలు మీటింగులు ఎగ్గొట్టావు, ముసలోడా. వచ్చే నెల నుంచి నేనొచ్చి తీసుకెళ్తాను. వెక్కిరింతలు మాత్రం మానను." అంకుల్ వేళ్ళు నా మోచెయ్యి మీద వదులయ్యాయి. ఎన్నో నెలలుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు ఆయన భుజాలు దిగాయి. నావి కూడా.

కారు అందరికీ నచ్చేసిందని కాదు. చేప నోరు చేప నోరేనన్నారు. గడియారం కోసం ఒకాయన నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చివర్లో అంకుల్ లోపల కూర్చుని తలుపు మూయించుకున్నారు. మళ్ళీ మూయమన్నారు. మూడోసారి నన్ను కూడా కళ్ళు మూసుకుని వినమన్నారు. "పాతదానికంటే ఒక పిసరు తక్కువ. అయినా మంచి గొంతే" అన్నారు. ఇంటికొచ్చాక ఆంటీ గుమ్మంలోనే, "ఏమయింది?" అంటే, "నీ పిండి పాడవలేదు కామేశ్వరీ" అని మాత్రం చెప్పారు.

ఆ శరదృతువులో ఒక ఇంటర్వ్యూలో, ఒక పాత రిపోర్టు చూపించి ఎలా ఉందని అడిగారు. ఇందులో ఏముందో ముందు చెప్పనా అన్నాను. ఆ ఉద్యోగమే నన్ను ఇటు తీసుకొచ్చింది. అంకుల్ రెండేళ్ళ తర్వాత పోయారు. పోయే ముందు నెల వరకూ ఒక్క మీటింగ్ కూడా తప్పలేదని వాల్టే ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడప్పుడూ ఆ ఫోరమ్ చూస్తుంటాను. ఈ ఏడు ఆ కారు మళ్ళీ రూపం మార్చుకుంది. అంత అందమైన పక్క గీత తీసేశారని అందరూ తిట్టిపోస్తున్నారు.

మొన్న పార్కింగ్‌లో కూరగాయల సంచులు కింద పెట్టేసి ఆ చప్పుడు వైపు నడిచాను. అదే కారు, అదే తెలుపు. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగాను. ఆ కారు దిగి లిఫ్టు దాకా వెళ్ళిన ఒకావిడ, ఆసుపత్రి నర్సుల నీలం బట్టల్లో ఉంది, వెనక్కి వచ్చి, "ఏమైనా కావాలా?" అని కాస్త అనుమానంగా అడిగింది. ఒకప్పుడైతే సారీ చెప్పి పారిపోయేదాన్ని.

"ఈ తలుపు మీద ఒక గీత ఉంది. మీరెప్పుడైనా చూశారా?" అన్నాను.

ఆవిడ వంగి చూసింది. ట్యూబ్‌లైట్ కింద తెల్లగా, నున్నగా ఉంది కారు.

"లేదే" అంది.

"అయితే కళ్ళు మూసుకోండి" అని, ఆవిడ చెయ్యి పట్టుకుని ముందు చక్రం పైన, గీత మొదలయ్యే చోట పెట్టాను.