చిన్నన్న తిప్పని విమానం

లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఇసుకలో శిక్షణ విమానం కూలి శిష్యుడు చనిపోయాడనీ, గురువు కాలు విరిగి బతికాడనీ మీరు పేపర్లో చదివే ఉంటారు. సొంత ఊరు చూసి మురిసిపోయి, శిష్యుడే విమానాన్ని తలకిందులు చేశాడని కూడా రాశారు. ఆ శిష్యుడు మా చిన్నన్న. ఆ రెండో మాట అబద్ధం.

బండెక్కే ముందు వంగి, చక్రం ఊడిపోకుండా ఉంచే కడచీల చూసుకునే మనిషి ఆయన. "విమానం నేర్సెటోడు ఎడ్లబండికి భయపడుతుండు" అని నేను ఎగతాళి చేస్తే, "భయం గాదు చెల్లె, చూసుకునుడు" అనేవాడు. బాపు వద్దన్నా నన్ను వరంగల్లు కాలేజీలో చేర్పించింది ఆయనే.

మా వైపు ఎగిరే రోజు ముందే చెప్పేవాడు. మమ్మల్ని కన్న అవ్వ మిద్దె మీద బాపు తెల్లధోవతి పరిచేది. అది చూసి, ఎంతో ఎత్తునుంచే ఒక్కసారి రెక్క వంచి వెళ్లిపోయేవాడు.

"పిచ్చుకంత గూడ కనవడలే. జర కిందికి రారాదు?" అని అవ్వ నిష్ఠూరమాడేది.

"పైన జాగ ఉంటెనే అవ్వా, తప్పు జేసినా దిద్దుకునేది."

ఒకసారి గురువు వేములవాడ దర్శనం చేసుకుని మా ఇంటికి భోజనానికి వచ్చాడు. "ఈసారి మీ ధోవతి మీద పల్టీ కొట్టించి చూపిస్తానమ్మా" అన్నాడు అవ్వతో.

"గంత కింద వద్దు సార్. మనకు పర్మిషన్ లేదు" అన్నాడు చిన్నన్న.

"పిరికోడివి! ఇంకాస్త పప్పు వడ్డించుకో" అని గురువు నవ్వాడు.

ప్రమాదం జరిగిన రోజు కూడా విమానం ఎప్పటిలాగే పైనుంచి రెక్క వంచి వెళ్లిపోయింది. కాసేపటికి తిరిగి వచ్చింది, తాటిచెట్ల ఎత్తున. తలకిందులైంది. మిద్దెల మీద పిల్లలు ఈలలు వేశారు. అవ్వ చప్పట్లు కొట్టింది. విమానం మళ్లీ పైకి లేవలేదు.

కొన్నాళ్లకు గురువు చంకకర్రలతో పరామర్శకు వచ్చి, "కుర్రతనం, పాపం" అన్నాడు. అవ్వ మంచినీళ్లు ఇవ్వబోతే చెంబు నేను లాక్కున్నాను.

"పోయినోడు రాడు. ఇడ్సిపెట్టు బిడ్డా" అన్నాడు బాపు.

"పోయినోని మీద తప్పు రుద్దితే ఇడ్సిపెట్టాల్నా?"

హైదరాబాదులో విచారణకు అవ్వను వెంటబెట్టుకుని వెళ్లాను. అధికారుల ముందే గురువును అడిగాను. "మా ఇంట్ల అన్నం తినుకుంట ఏమన్నరు సార్? మీరు చెప్తరా, మా అవ్వ చెప్పాల్నా?"

అవ్వ లేచి నిలబడింది. గురువు ఆమె మొహం చూడలేక ఒప్పుకున్నాడు. తప్పు శిష్యునిది కాదని రాశారు. గురువు లైసెన్సు తీసేశారు.

బయట మెట్ల దగ్గర ఆయన నాకు ఎదురొచ్చాడు. "ఎగరడం తప్ప నాకు ఇంకేం రాదమ్మా."

"గందుకే వచ్చిన సార్" అన్నాను.

అప్పుడే పక్కనున్న విమానాల మైదానం నుంచి ఒక చిన్న విమానం లేచింది. ఆయన మొహం దాని వెంటే తిరిగింది, కర్ర మీద వేళ్లు బిగిశాయి. అది చుక్కయి మాయమయ్యేదాకా నేను ఆకాశం వైపు చూడలేదు. ఆయననే చూస్తూ నిలబడ్డాను.