గంపలో మిగిలిన సంగటి ముద్ద

కుప్పంలో చదువుకునే మనవరాలు సెలవులకని మదనపల్లెకు వచ్చి, నిన్న మధ్యాహ్నం నేను అనపకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని ఒక సంఖ్య సంగతి చెప్పింది. అప్పటినుంచీ నా బుర్ర కుదుటపడలేదు. రెండును రెండుతో హెచ్చవేసి, వచ్చినదాన్ని మళ్ళీ దాంతోనే హెచ్చవేసి, అట్లా ఇరవైసార్లు చేసి చివరన ఒకటి కలిపితే, మూడు లక్షల పైచిలుకు అంకెలున్న సంఖ్య వస్తుందట. అది సంయుక్త సంఖ్యట, అంటే సమభాగాలుగా చీలేదట. ఐదో తరగతితో బడి మానిన నాకు కూడా ఇంతవరకు అర్థమైంది. ఎన్ని భాగాలుగా చీలుతుందమ్మా అంటే మాత్రం, ఎవరికీ తెలీదంది.

"చీల్చి సూడకుండానే చీలుతుందని ఎట్ల చెప్తారే?"

"మిగిలేదాన్ని బట్టి అవ్వా. ఒక పెద్ద లెక్క చేసి దీంతో భాగిస్తే, చీలని సంఖ్యకు ఇంతే మిగలాలని ఉండాది. అంత మిగల్లేదు. అంటే చీలే సంఖ్యే. యాడ చీలుతుందో కంప్యూటర్లకే చిక్కలేదు."

నాకు మా జేజి గుర్తొచ్చింది. తల్లీ తండ్రీ లేని నన్ను పెంచింది నాన్నను కన్న ఆ జేజే. పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో మా ఊరు; పెదనాన్న, చిన్నాన్న కుటుంబాలకు ఒకటే పొయ్యి. జేజి రాగిసంగటి కెలికి, చేలో ఉన్నవాళ్ళకు తలకొకటి లెక్కన ఏడు ముద్దలు గంపలో పెట్టేది. నేను దాన్ని గట్టుమీద దించి దూడల వెంట పోతే, వాళ్ళు పని చూసుకుని ఒకరొకరుగా వచ్చి తినేవాళ్ళు. ఆ తర్వాత ఖాళీ గంప ఇంటికి తెచ్చేదాన్ని. ఒకనాడు అందులో ఒక ముద్ద మిగిలింది. జేజి దాన్ని చాలాసేపు చూసింది.

"ఎవురో వేరే వండుకోని తింటాండారు పాపా. ఈ ఇల్లు చీలుతుందిలే."

ఎవరని అడిగితే, "ముద్ద పేరు సెప్తుందా యేంది?" అని కసిరింది.

నాకు దిగులు పట్టుకుంది. ఇల్లు రెండైతే పెద్దమ్మ పిల్లలు పెద్దమ్మ దగ్గర, పిన్నమ్మ పిల్లలు పిన్నమ్మ దగ్గర ఉంటారు, మరి నేనెక్కడ? మరునాడు కూడా ముద్ద మిగిలింది. అది కనపడకపోతే ఇల్లు చీలదనుకుని, దారిలో కూర్చుని నేనే తినేశాను. మూడోనాడూ అంతే. ఇంట్లో నా ముద్ద తిన్నాక మళ్ళీ అదొకటి. నాలుగోనాడు కడుపుబ్బరించి పడుకుంటే, జేజి వాము నమిలిస్తూ, "ఇంత పొట్టలో రెండు ముద్దలు యాడ పట్టినాయే?" అని నవ్వింది, నవ్వుతూనే పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇల్లు చీలనే చీలింది. ఊరంతా రెండు పొయ్యిలనే అనుకుంది. నా మాట వచ్చేసరికి పెద్దమ్మా పిన్నమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జేజి సంగటి కుండ చంకన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని పశువుల కొట్టంలోకి నడిచి, మూడు రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించింది. మమ్మల్ని యాల విడిచిపోతావమ్మా అని పెదనాన్న వెంటపడితే, "మీకు పెండ్లాం బిడ్డలుండారు. దీనికి నేనుండాను, పో" అంది. ఆ పూట రెండే ముద్దలు చేసింది. ఏమీ మిగల్లేదు.

గంపలో ముద్ద విడిచిందెవరో నాకు ఈనాటికీ తెలియదు.

ఇదంతా చెప్తే, "సంఖ్యకూ సంగటికీ ఎట్ల ముడి పెడతావవ్వా!" అని మనవరాలు నవ్వింది. నిజమేనేమో, నాకు సగమే అర్థమైంది. ఇప్పుడు మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో వేళకు తింటారు, ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. రోజూ గిన్నెల మూతలు తీసి చూస్తాను గానీ, ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో, ఎవరి మనసు ఎటుందో నాకేమీ తెలియడం లేదు. జేజికైతే ఒక్క ముద్ద సరిపోయింది.