గుహ తలుపు పట్టుకున్న పొట్టేలు

ఆ పొట్టేలుకు ఒకటే కొమ్ము. రెండోది మొదటి వారంలోనే రాజకుమారుణ్ణి కాపాడబోయి విరగ్గొట్టుకుంది. రెండు కాళ్ల మీద నడుస్తూ, వీపున రాజకుమారుడి మూటలన్నీ మోసేది. తొంభైల్లో ఆదివారం పొద్దున టీవీలో వచ్చే బొమ్మల కథ అది. మాయమైపోయిన రాజ్యాన్ని వెతుక్కుంటూ పోయే రాజకుమారుడు, వాడి వెంట ఈ పొట్టేలు. మాటలన్నీ హిందీ. మాకెవరికీ ఒక్క ముక్క రాదు.

ఇది సరిగ్గా రాసుకో తల్లీ. అందరూ రాజకుమారుణ్ణి చూసేవాళ్లు. మీ చిన్నతాత ఒక్కడే పొట్టేలును చూసేవాడు.

చిన్నతాత అంటే మీ తాతకు తమ్ముడు, నాకు మరిది. నువ్వు పుట్టకముందే పోయాడు. మనిషి ఆరడుగులు, మనసు మాత్రం ఎనిమిదేళ్ల దగ్గరే ఆగిపోయింది. చదువు అబ్బలేదు, పెళ్లి చేయలేదు. పుంగనూరులో మాకు రెండు ఆవులుండేవి. వాటికి మేత వేయడం, టీ అంగళ్లకు పాలు పోసి రావడం అతని పని. మిగిలిన పొద్దంతా మీ నాయనే అతని లోకం. మీ నాయనకు అప్పుడు పదేళ్లు. పొద్దున లేస్తే "సిన్నాయనా, సిన్నాయనా" అని అతని వెంటే.

మాకు టీవీ లేదు. ఎదురింటి అంగడామె ఇంట్లో చూసేవాళ్లం. చిన్నతాత ఒకరోజు ఉడకబెట్టిన శెనక్కాయలు పిడికెడు తెచ్చి టీవీ ముందర పెట్టాడు. అంగడామె పడీ పడీ నవ్వింది.

"ఎవురికప్పా నైవేద్యం?"

"పొట్టేలుకక్కా. ఇన్ని వారాలుగా నడస్తానే ఉండాది, ఎవురూ ఏమీ పెట్టల్యా. ఆ రాజుకు బుద్ధుండాదా?"

"అది బొమ్మ, తినదు."

"తినదని నీకు సెప్పిందా?"

ఒక వారం రాజకుమారుడు గుహలోకి పోయాడు. రాతి తలుపు మూసుకుపోతుంటే పొట్టేలు తల అడ్డం పెట్టి ఆపింది. రాజకుమారుడు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. ఏమన్నాడని అంగడామె అడిగితే మీ చిన్నతాత వెంటనే చెప్పాడు.

"నేనొచ్చేదాకా కదలొద్దు అన్నాడక్కా."

"నీకు హిందీ ఎప్పుడొచ్చిందప్పా!"

అంతటితో ఆ వారం కథ అయిపోయింది. మళ్లీ ఆదివారం దాకా పొట్టేలు తలుపు పట్టుకునే ఉంది కదా, అదీ అతని బాధ. పాలు పిండుతూ పిండుతూ ఆగి, తన మెడ తనే పిసుక్కునేవాడు. "దానికి ఎంత నొప్పిగా ఉండాదో వదినా."

ఆఖరి వారం రాజకుమారుడికి రాజ్యం దొరికింది. పూలు, బాజాలు, జనం. పొట్టేలు ఎక్కడా కనపడలేదు. కథ అయిపోయి వార్తలు మొదలైనా చిన్నతాత లేవలేదు. "పొట్టేలు యాడికి పోయింది?" అని అందరినీ అడిగాడు. పై వారం అదే వేళకు వేరే కథ వచ్చింది. అప్పుడూ అడిగాడు. నెల రోజులు అడిగి మానుకున్నాడు.

తర్వాత మీ నాయన పెద్దవాడై కుప్పంలో కాలేజీలో చేరాడు. పెట్టె మోసుకుని చిన్నతాతే వెంట వెళ్లి, రెండు రోజులు హాస్టల్లో ఉండి వచ్చాడు. ఆ తర్వాత మీ నాయన అతన్ని తీసుకెళ్లలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

సెలవుల్లో ఒకసారి నలుగురు స్నేహితులు మా ఇంటికి వచ్చారు. నేను వంటింట్లో సంగటి కెలుకుతున్నాను. చిన్నతాత పేడచేతులు కడుక్కుని, వాళ్లకు నీళ్లు తెచ్చి ఇచ్చి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ నిలబడ్డాడు. ఒక పిల్లాడు అడిగాడు.

"ఎవురప్పా ఈయప్ప?"

మీ నాయన గొంతు నాకు బాగా వినపడింది. "మా ఇంట్లో పనికుంటాడు."

నేను బయటికి రాలేదు. తెడ్డు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చిన్నతాతే లోపలికి వచ్చాడు. ముఖంలో కోపం లేదు, ఏదో పెద్ద పని అప్పజెప్పినట్టుంది.

"వదినా, పనికుండేవాళ్లకు సంగటి యాడ పెడతారు? బయటనా?"

"యాల అట్లడుగుతావు?"

"పిల్లోడు సెప్పినాడు కదా. నేను లోపల తింటే వాడి మాట అబద్ధమైపోతాది."

తన అన్నం తట్ట తనే తీసుకుని ఆవుల కొట్టం దగ్గరికి పోయి కూర్చున్నాడు. నేనేం చేశానో కూడా రాయి తల్లీ, వదిలిపెట్టొద్దు. అక్కడికి పోయి వడ్డించాను. లోపలికి రమ్మని పిలవలేదు. పిల్లలు చూస్తున్నారని, మీ నాయన తలదించుకోవాల్సి వస్తుందని. వాళ్లు పోయాక మీ నాయన నా దగ్గరికి వచ్చి, "నగుతారని అట్లనేసినా మా" అన్నాడు. "పోనీలే" అన్నాను. ఆ పోనీలే నాది. తప్పంతా మీ నాయనదే అనుకోవద్దు.

సెలవులైపోయాయి. మీ నాయన కుప్పం బయల్దేరిన రోజు బస్టాండులో జనం కిక్కిరిసి ఉన్నారు. బస్సు ఆగీ ఆగకముందే చిన్నతాత పరుగెత్తి కిటికీలోంచి తువ్వాలు సీటు మీదికి విసిరాడు. మన వైపు తువ్వాలు పడితే సీటు మనదే కదా. లోపలికెక్కి దాని పక్కనే కూర్చున్నాడు. మీ నాయన కింద నుంచి, "ఆడే ఉండు, నేనొచ్చేదాకా కదలొద్దు" అని చెప్పి నీళ్ల బాటిల్ కొనడానికి పోయాడు. అంతలో ఆ స్నేహితులు ముందున్న ప్రైవేటు బస్సులోంచి కేకేశారు. మీ నాయన అదే ఎక్కేశాడు. ఎవరూ రాకపోతే సిన్నాయనే దిగిపోతాడులే అనుకున్నాడట.

చిన్నతాత దిగలేదు. కుప్పం దాకా ఆ సీటులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నిలబడలేక ఒకామె తిట్టినా, "మా పిల్లోడొస్తాడమ్మా" అన్నాడట. కండక్టరుకు మనిషి సంగతి అర్థమై వదిలేశాడు. కుప్పంలో బస్సు ఖాళీ అయ్యాక దించితే, అక్కడే స్తంభం దగ్గర కూర్చుండిపోయాడట. ఆ కండక్టరే తర్వాత మీ తాతకు ఇదంతా చెప్పాడు.

ఇంట్లో మేమేమో పెట్టె మోయడానికి వెళ్లుంటాడు, రెండు రోజులుండి వస్తాడు అనుకున్నాం. ఫోను లేని రోజులు. మూడో రోజు కూడా రాకపోయేసరికి మీ తాత, నేను కుప్పం పోయాం. వాన. బస్టాండులో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఒళ్లు కాలిపోతోంది. టీ అంగడాయన ఇచ్చిన బన్ను సగం జేబులో పెట్టుకుని ఉన్నాడు.

"ఇంటికి రావాలని తెల్దా?" అని మీ తాత అరిచాడు.

"కదలొద్దన్నాడు అన్నా."

మీ తాత ఆటో కోసం పోయినప్పుడు నా చెవి దగ్గర చెప్పాడు. "పిల్లోడు నిన్న ఈడికొచ్చినాడు వదినా. ఆ అంగడి దగ్గర టీ తాగినాడు."

"మరి పిలవకపోతివే!"

"పక్కన సావాసగాళ్లుండారు. పనోణ్ణి ఈడ సూస్తే వాళ్లేమనుకుంటారు? వాడు నన్ను సూడల్యా. నేనే స్తంభం ఎనక్కి జరిగినా."

జ్వరం నెమ్ములోకి దిగింది. మదనపల్లెలో ఆసుపత్రిలో చేర్చాం. కబురంది మీ నాయన పరుగెత్తుకొచ్చాడు. మంచం పక్కన నర్సమ్మ కాగితం పట్టుకుని, "నువ్వేమవుతావప్పా ఈయనకు?" అని అడిగింది.

"సిన్నాయన. మా సిన్నాయన." వార్డంతా తిరిగి చూసేలా చెప్పాడు.

చిన్నతాత కళ్లు తెరిచాడు. వాకిలి వైపు చూశాడు, అక్కడ ఆ స్నేహితులెవరైనా ఉన్నారేమోనని. తర్వాత నర్సమ్మ చెయ్యి పట్టుకుని, ఊపిరి అందక ఆగి ఆగి అన్నాడు.

"కాదమ్మా. నేను వాళ్లింట్లో పనికుంటా."

మీ నాయన "కాదు సిన్నాయనా, కాదు" అని కాళ్లు పట్టుకున్నాడు. అతను కళ్లు మూసుకున్నాడు. అర్థమైందో లేదో నాకు తెలియదు. "అన్నకొడుకమ్మా, రాసుకో" అని నేనే చెప్పాను. రెండు రోజులకు పోయాడు. తల కొరివి మీ నాయనే పెట్టాడు.

కుప్పం బస్టాండులో చిన్నతాత తనను చూసి కూడా పిలవలేదని మీ నాయనకు ఈ రోజు వరకూ తెలియదు. ఎన్నోసార్లు చెబుదామని నోరు తెరిచాను. తను టీ తాగుతుంటే పది అడుగుల దూరంలో సిన్నాయన జ్వరంతో దాక్కున్నాడని ఏ తల్లి చెబుతుంది? కానీ నేను కూడా పోతే, ఆ మనిషి అంత చేశాడని తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

నా నోటితో చెప్పలేకే నీ చేత రాయిస్తున్నాను. సాయంత్రం మీ నాయన వస్తే ఇది చేతికియ్యి. చదివేటప్పుడు నువ్వు పక్కనే కూర్చో. ఏడిస్తే ఏడవనీ, ఏమీ అనొద్దు.