నాన్నను ఎత్తే యంత్రం

కాఫీ తోటలో మిరియాలు కోస్తూ చెట్టు మీంచి పడ్డాక నాన్నకు నడుము కింద చచ్చుబడింది. అమ్మా నేనూ చంకల్లో చేతులేసి ఆయన్ని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి లాగేవాళ్లం. వీపు గీరుకుపోయేది.

సంగతి తెలిసి పట్నం పెద్దమనుషులు దయ చూపడానికి వచ్చారు. మనిషిని గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టి లేపే ఇనుప యంత్రాన్ని, జీపు దారి ఆగిపోయిన చోటి నుంచి మా ఊరివాళ్ల చేతే కొండ మీదికి మోయించారు. దాని బుల్లి చక్రాలు మా మట్టి నేలలో కూరుకుపోయాయి. అయినా నాన్నను గాల్లోకి లేపి, ఫొటో కోసం నవ్వమన్నారు.

"నానేటి, సంతలో తూకమేసే బస్తానా? బేగి దించండి!" అని అరిచాడు నాన్న.

దించారు. నేల సిమెంటు చేయించుకోమని సలహా పారేసి వెళ్లిపోయారు. ఆ సిమెంటు ఎవరు మోసుకురావాలో ఆ మహానుభావులకు తట్టలేదు.

అమ్మ యంత్రం నుంచి గుడ్డ విప్పేసింది. దాని పట్టీలు మేమిద్దరం చెరోవైపు పట్టుకుని ఎత్తితే, నాన్న గీరుకోకుండా కుర్చీలోకి చేరేవాడు.

మరుసటి ఏడు వాళ్లు మళ్లీ వచ్చి, యంత్రం ఎలా పనిచేస్తోందని అడిగారు. అమ్మ కూర్చోమని కూడా అనలేదు.

"పెరట్లో తుప్పడతంది. పట్టుకుపొండి," అంది.