ముందొచ్చినవాళ్ళే ముందు లేవాలి

సైమికి డెబ్బై మూడేళ్ళు. ఉత్తరాది చలిదేశంలోని మువోనియో ఊరి బడి వంటగదిలో ముప్పై ఏళ్ళు గంజి తిప్పింది. మొన్న మార్చిలో కుడి మోకాలు తీసి కొత్తది వేశారు. ఆ మోకాలి మీద ఆగస్టు నెలంతా ఇంట్లో పోరు నడిచింది.

"కొండ మీదికి పద్నాలుగు కిలోమీటర్లమ్మా. మధ్యలో రాళ్ళ గుట్ట ఒకటి. రోజూ మోకాళ్ళతోనే కదా నా పని, నాకు తెలీదా?" అంది కూతురు ఔలిక్కి. ఆమె ఔలు పట్నంలో ఫిజియోథెరపిస్టు.

"నువ్వు చూసేవి మంచమెక్కిన మోకాళ్ళు. ఇది నడిచే మోకాలు."

చివరికి ఒప్పందం కుదిరింది. కొండ మీది గుడిసె దాకా వెళ్ళి, రాత్రి ఉండి, తిరిగి రావచ్చు. కానీ ఒక్కసారి ఎవరి సాయం తీసుకున్నా అదే ఆఖరి రుస్కా. "అబద్ధం చెప్పవుగా?" అని అడిగింది ఔలిక్కి. ఆ మాట అడిగినందుకు సైమి రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు.

రుస్కా అంటే ఆకులు రంగు తిరిగే ఆ పది రోజులు. పందొమ్మిదో ఏట వంటగది ఆడవాళ్ళతో మొదటిసారి వెళ్ళింది మొదలు సైమి ఒక్క ఏడూ మానలేదు. ఔలిక్కిని ఏడో నెల మోస్తూ వెళ్ళింది. మొగుణ్ణి శుక్రవారం పూడ్చిపెట్టి ఆదివారం వెళ్ళింది. ఊరు చెవులు కొరుక్కుంటే, "నేను ఇంట్లో కూచుంటే లేచొస్తాడా?" అంది.

ఈసారి మంచు ముందే పడింది. మడమల ఎత్తున మరుగుజ్జు బర్చి పొదలు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. పైన పెద్ద చెట్ల ఆకులు పసుపు. సైమి రాళ్ళ గుట్ట దగ్గర పీతలా పక్కకి నడిచింది, రెండు చోట్ల కూర్చునే జారింది. ఎదురొచ్చిన కుర్రాడొకడు చెయ్యి చాచాడు.

"జేబులో పెట్టుకో నాయనా, చలికి కొంకర్లు పోతుంది," అంది.

మధ్యాహ్నం పన్నెండింటికి గుడిసె చేరింది. దానికి తాళం ఉండదు. నాలుగు పడక బల్లలు, ఒక పొయ్యి. కట్టెలు కొట్టి కాఫీ పెట్టుకుని, అక్కడి అలవాటు ప్రకారం అందులో జున్నుముక్కలు వేసుకుని గడప మీద కూర్చుంది. మూడింటికి ఇద్దరు కాలేజీ అమ్మాయిలొచ్చారు. అయిదింటికి వాన మొదలైంది. ఆరింటికి తలుపు తోసుకుని భార్యాభర్తలు వచ్చారు. భర్త వీపు మీద నాలుగేళ్ళ పాప, పెదవులు నీలంగా ఉన్నాయి. అతను గబగబా పాప మేజోళ్ళు విప్పాడు.

పాపను తల్లి పక్కన పడుకోబెడితే ఐదుగురికి నాలుగు బల్లలు సరిపోతాయి. ఆరో మనిషికి చోటు లేదు. చివర వచ్చినవాళ్ళది చోటు, ముందొచ్చి ఒళ్ళు ఆరబెట్టుకున్నవాళ్ళు లేవాలి. కొండల్లో ఇది తాతలనాటి మాట, గుడిసె తలుపు మీది కాగితంలోనూ రాసుంది. సైమి సంచీ సర్దడం మొదలుపెట్టింది.

"మీరు కదలొద్దు పెద్దమ్మా," అన్నాడు అతను కంగారుగా.

"నా పేరు సైమి."

అమ్మాయిల్లో ఒకతె, ఇన్కా, లేచి నిలబడింది. "నేను బయట పడుకుంటా. నా కాళ్ళు గట్టివే."

"నువ్వు మూడింటికొచ్చావు. నేను పన్నెండింటికి."

"కానీ మీ వయసు..."

"తలుపు మీద కొట్టిన కాగితంలో వయసు మాటుందా? చదివి చెప్పు."

ఇన్కా కాగితం వైపు చూసింది. మళ్ళీ బల్ల మీద కూర్చుంది.

"ఈ వానలో మిమ్మల్ని బయటికి తోసి నేనెలా పడుకోను? మీకేమన్నా అయితే?" అన్నాడు పాప తండ్రి.

"నీకు నీ బిడ్డ భయమే బోలెడుంది. నా భయం కూడా మూటగట్టుకోకు. చూడు బాబూ, నన్ను ఇక్కడ ఉంచితే, నన్ను మనుషుల్లోంచి తీసి సామాన్లలో పెట్టినట్టు. నేనింకా మనుషుల్లోనే ఉన్నాను."

సంచీలోని చిన్న గుడారం తీసి బయట వేయడం మొదలుపెట్టింది. మోకాలు పూర్తిగా వంగదు. పక్కకి ఒరిగి, మోచేతి మీద బరువు మోపి మేకు దిగ్గొట్టింది. గాలికి గుడారం రెండుసార్లు కూలింది. పాప తండ్రి తల మీద కోటు కప్పుకుని వచ్చి తాడు అందుకున్నాడు.

"తాడు వదులు."

వదిలేశాడు. లోపలికి మాత్రం వెళ్ళలేకపోయాడు. బడిలో జీవశాస్త్రం చెప్పేవాడట. చేతులకి పనిలేక నోటికి పని చెప్పాడు. "ఆకులో పసుపు వేసవంతా ఉండేదే, పచ్చదనం కింద దాగుంటుంది. ఎరుపు అలా కాదు. ఆఖరి రోజుల్లో ఆకు కొత్తగా తయారు చేసుకుంటుంది. ఎందుకో ఇంకా వాదించుకుంటున్నారు."

"దాని ఇష్టం. నిలబడితే నిలబడు, పాఠం చెప్పు. తాడు మాత్రం ముట్టుకోకు."

మూడోసారి గుడారం నిలబడింది, కొంచెం గుడిసె పక్కనున్న చెరువు వైపు వాలి.

మర్నాడు మధ్యాహ్నం కొండ కింద కారు దగ్గర ఔలిక్కి ఎదురుచూస్తోంది. తల్లి మోచేతి గీరుడు చూసింది, నడక చూసింది.

"ఎవరైనా సాయం..."

"చాలామంది ప్రయత్నించారు."

"మోకాలు?"

"వాచింది. నిజం చెప్పమన్నావుగా."

ఔలిక్కి సంచీ అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. సైమి దాన్ని తనే డిక్కీలో పెట్టి ముందు సీట్లో కూర్చుంది. "వచ్చే ఏడు సెప్టెంబరు ఎనిమిదిన బయల్దేరదామనుకుంటున్నా. నా కోసం సెలవు పెట్టకు," అంది.