రేగుకంపలో పట్టుపురుగు

మా నాన్న గురించి గొప్పలు చెప్పుకోవడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలు.

మాచర్ల దగ్గర మా పల్లెలో కోతలు కాగానే మేకలు గింజల మీద పడకుండా కళ్లం చుట్టూ రేగుకంప వేసేవారు. వేసవి వచ్చేసరికి ఆ కంప పొయ్యిలోకి పోయేది. ఏటా జరిగేదే. ఆ ఏడు మాత్రం ఒక కొమ్మకు నేను అడ్డం పడ్డాను.

దానికి కోడిగుడ్డంత గట్టి కాయ ఒకటి సన్నటి తొడిమతో వేలాడుతోంది. అది కాయ కాదని నాకు తెలుసు. వానాకాలంలో మా చేనిగట్టు మీది రేగుపొదలో నా వేలికన్నా లావైన పచ్చటి పురుగు ఆకులు మేసింది. చలి మొదలయ్యాక తన చుట్టూ దారం అల్లుకొని లోపల దాక్కుంది. అదంతా రోజూ వెళ్లి చూశాను. లోపల ప్రాణముందంటే అమ్మ కొట్టిపారేసింది. కంప నరికి నెలలయింది, ఇంకా ప్రాణమెక్కడిదంది. నేను కొమ్మ వదల్లేదు. ముళ్లు దిగి చేతులు రక్తమయ్యాయి. ఈ మొండితనం నాకు ఇప్పటికీ పోలేదు.

నాన్న నా చేతులు చూశాడు. "ఒక్క కొమ్మతో వంటేం ఆగిపోదులే. వానలు పడిందాకా ఉండనీ. ఏమీ రాకపోతే పిల్లే తీసి పొయ్యిలో పెట్టుద్ది" అన్నాడు అమ్మతో.

కొమ్మను వాకిట్లో గోడకు ఆనించాం. ఎండుపుల్లకు కాపలా కాస్తున్నానని వేసవంతా ఇరుగుపొరుగు ఆటపట్టించారు. కూతురి మాట నమ్మాడని నాన్ననూ వదల్లేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

తొలకరి పడింది. యుద్ధం రోజులు, కిరసనాయిలు కరువు. అందుకని పొద్దుండగానే వాకిట్లో అన్నాలు తినేవాళ్లం. అలా తింటుండగా ఒకరోజు కాయ కొన తడిసి మెత్తబడింది. ముడతలు పడ్డ రెక్కలతో పసుపురంగు పురుగు బయటికి పాకి కొమ్మకు వేలాడింది. చూస్తుండగానే రెక్కలు సాగి నా రెండు అరచేతులంత అయ్యాయి. ఒక్కో రెక్క మధ్య అద్దంలాంటి గుండ్రటి మచ్చ. నాన్న కంచం ముందు నుంచి లేచి, ఎంగిలిచేత్తోనే పక్కింటివాళ్లను పిలుచుకొచ్చాడు. నా ఆనందం అంతా ఇంతా కాదు.

అమ్మ జాలిపడి బెల్లంనీళ్లు పెట్టింది. అది ముట్టలేదు. దానికి తినే నోరే ఉండదని చాలా ఏళ్లకు తెలిసింది. తెల్లారేసరికి ఎక్కడి నుంచో ఇటుకరంగు మగది వచ్చి పక్కన వాలింది. మా ఊళ్లో ఎవరూ ఎరగని పురుగుకు జోడు ఎలా దొరికిందో! తర్వాత ఆడది ఆ ఎండుకొమ్మ మీదే గుడ్లు పెట్టి, కొన్నాళ్లకు రాలిపోయింది.

ఎండుకొమ్మ మీద పుట్టిన పిల్లలు ఏం తిని బతుకుతాయి? నాకు ఏడుపొచ్చింది. నాన్న కొమ్మ భుజాన వేసుకొని గట్టుకు నడిచాడు. తను నరికిన చోట మళ్లీ చిగిర్చిన పొదకు దాన్ని కట్టేశాడు. పురుగులు పుట్టి ఆ చిగుళ్లెక్కాయి.

ఆ ఏడు కళ్లానికి నాన్న ఎంతో దూరం పోయి తుమ్మకంప కొట్టుకొచ్చాడు. గట్టు మీద రేగుపొద ఉండగా అంత దూరం ఎందుకని మేకల కాపరి అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"అది మా అమ్మాయి పొదరా. అమ్మాయినడక్కుండా నేనే కత్తి పెట్టను" అన్నాడు నాన్న.